కిన్వట్ అడవిలో పసిమొక్కల లెక్క

మా యింటి సింహద్వారం మా తాతగారి హయాం నాటిది. ఆయన నిజామాబాదు వైపు నుంచి వచ్చి నాందేడులో స్థిరపడిన రోజుల్లో యీ రెండు వూళ్ళూ ఒకే హైదరాబాదు సంస్థానంలో వుండేవి గనుక, వలస వచ్చామన్న మాట మా యింట్లో యెవరూ అనేవారు కాదు. ఆ ద్వారబంధానికి కావలసిన టేకు కిన్వట్ అడవి నుంచి యెడ్లబండి మీద వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. యెన్నో వానాకాలాలు గడిచాయి. పసుపు పూసి పూసి గడప రంగు మారిందే గాని, చెదపురుగు దాని వంక తిరిగి చూడలేదు.

రెండేళ్ళ కిందట మేడ మీద ఒక గది వేసుకున్నాము. కిటికీలకు టేకే కావాలని పట్టుబట్టి, అడిగిన ధర యిచ్చి తెచ్చాము. రెండో వానాకాలానికే ఒక కిటికీ చట్రం వేలితో నొక్కితే లోపలికి పోయింది. అమ్మినవాడు మోసం చేశాడని మేము మండిపడుతూ వుంటే, మా వడ్రంగి ఆ చట్రాన్ని వూడదీసి యెండలో పెట్టి చూపించాడు. "అయ్యా, యిది టేకే, కాదనను. కాని యిందులో చేవ యేదీ? నడుమ నా రెండు వేళ్ళ మందం వున్నది, అంతే. మిగిలిందంతా తెల్లచెక్క. చెదలుకు పాయసం వంటిది" అన్నాడు. మా తాతగారి గుమ్మంలో మచ్చుకైనా తెల్లచెక్క కనబడదు. ఒకే అడవి, ఒకే జాతి చెట్టు, నడుమ మూడు తరాలు గడిచాయి. ఆ మూడు తరాల్లో అడవికి యేమయిందన్న ప్రశ్న మా మనసులో అలా పడింది.

దానికి జవాబు చెప్పగలవారు మా బంధువర్గంలో ఒకరే వున్నారు. మా ఆవిడకు పెద్ద మేనమామ, మేమందరం పెద్దమామ అని పిలుచుకునే పెద్దాయన. జంగ్లాతులో, అంటే అటవీశాఖలో, గార్డుగా 1960ల్లో చేరి, ముప్ఫయి నాలుగేళ్ళు కిన్వట్ వైపు బీట్లలోనే తిరిగి విరమించారు. యెనభై ఆరు దాటాయి. చూపు మందగించింది గాని కాళ్ళు యింకా మాట వింటున్నాయి. గత కార్తీకంలో మన కుటుంబాలు కొన్ని కలిసి సహస్రకుండం దగ్గర వనభోజనాలు పెట్టుకున్నప్పుడు, ఒక రోజు ముందే ఆయనను వెంటబెట్టుకొని అడవి చూడబోయాము.

నాందేడు నుంచి ముద్‌ఖేడ్, భోకర్, హిమాయత్‌నగర్ మీదుగా కిన్వట్ చేరే రైలు దారి మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. హిమాయత్‌నగర్ దాటాక నల్లరేగడి చేలు సన్నగిల్లి, గుట్టలు మొదలై, గుట్టల మీద టేకు కనబడుతుంది. పిల్లలకు చెప్పవలసిన సంగతి ఒకటి వుంది. యీ కిన్వట్ తాలూకా 1956 నవంబరు 1 దాకా ఆదిలాబాదు జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో కిన్వట్ యిటు నాందేడుకు వచ్చింది. మన నాందేడు జిల్లాలో వుండిన ముధోల్, భైంసా ప్రాంతాలు అటు ఆదిలాబాదుకు, బిచ్‌కుంద, జుక్కల్ నిజామాబాదుకు పోయాయి. రాజూరా కూడా మనకే వచ్చి, మూడేళ్ళు వుండి, 1959లో చాందాకు పోయింది. కాగితం మీద గీత మారినా చెట్లకు ఆ సంగతి తెలియదు గదా! పెన్‌గంగకు యీవలా ఆవలా, కిన్వట్, మాహూరు నుంచి వుట్నూరు, నిర్మల్ దాకా ఒకటే పొడి టేకు అడవి. టేకుతో పాటు నల్లమద్ది, చిరుమాను, ఏగిస, ఇప్ప, తునికి, మోదుగ, మారేడు, నడుమ నడుమ వెదురు.

ఆ రోజు వెలుతురు బాగున్నది. టేకు ఆకులను అప్పటికే పురుగు తిని, ఈనెలు మాత్రం మిగిల్చి జల్లెడల్లా చేసింది. ఆ జల్లెడల్లో నుంచి యెండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నది. పై కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా కాయలు. మేమంతా తలలెత్తి "యెంత బాగున్నది!" అంటూ వుంటే, పెద్దమామ కర్రతో నేలను కొట్టి, "పైకి కాదు, కింద చూడుండ్రి. అడవి బాగున్నదో లేదో కిందనే తెలుస్తది. ముసలోళ్ళను చూసి వూరు బాగున్నదంటమా? వీధిలో పిల్లలు ఆడుతున్నరా లేదా అని చూస్తం" అన్నారు.

కింద చూశాము. ఎండుటాకు, రాళ్ళు, గడ్డి, పులికంప. మనవాళ్ళు తలంబ్రాల చెట్టు అనే ఆ లంటానా, పూలకోసం యెవరో ఒకప్పుడు యీ దేశానికి తెచ్చిన పొద, యిప్పుడు అడవి అంచునంతా అల్లుకొని, దాని కింద గడ్డిపోచకు కూడా వెలుతురు చొరనివ్వడం లేదు. టేకు మొక్కలు మాత్రం మాకు బోలెడు కనబడ్డాయి. ఆ మాటే అంటే పెద్దమామ ఒకదాని మొదట్లో ఆకు తొలగించి చూపించారు. అది మొక్క కాదు, పిలక. మట్టిలో సగం పూడిపోయిన పాత మొద్దు అంచు నుంచి పుట్టింది. పక్కది చూపించారు, అదీ పిలకే. ఆ పక్కది కూడా.

యిక్కడ టేకు పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. టేకు కాయ చూస్తే చిన్న గోళీ అంత వుంటుంది. పైన బూరు వంటి పొర, లోపల రాయివంటి పెంకు. ఆ పెంకులో నాలుగు గదులు వుంటాయి గాని, నాలుగింటా గింజ వుండడం అరుదు. వాన తడిపి, యెండ కాచి, మళ్ళీ తడిపి, మళ్ళీ కాచి, పెంకు మెత్తబడితే గాని మొలక రాదు. కొన్ని కాయలు మొదటి వానకే మొలుస్తాయి, కొన్ని మట్టిలోనే ఏళ్ళు పడుకుంటాయి. నారుమళ్ళు పోసేవారు కూడా అందుకే కాయలను రాత్రిళ్ళు నానబెట్టి పగళ్ళు యెండబెట్టి, అలా పది పదిహేను రోజులు వాటికి నకిలీ వానాకాలం చూపిస్తారు. మొలిచినదానికి వెలుతురు కావాలి. నీడలో టేకు బతకదు. మొదటి యేడు జానెడు యెత్తు పెరుగుతుంది. వేసవిలో నిప్పు పాకితే పై కాండం మాడిపోతుంది, కాని వేరు చావదు. మరుసటి వానకు మళ్ళీ చిగురు, మళ్ళీ వేసవికి మాడడం. యిలా ఏళ్ళ తరబడి పైకి లేస్తూ పడుతూ, లోపల వేరును మాత్రం లావు చేసుకుంటూ పోయి, యే ఒక్క యేడో నిప్పు తప్పితే ఒక్క వూపున మనిషి యెత్తు దాటుతుంది. ఆ తరువాత దానికి నిప్పు భయం తక్కువ. అంటే మోకాలి యెత్తున కనబడే టేకు మొక్క వయసు మూడేళ్ళూ కావచ్చు, పదేళ్ళూ కావచ్చు.

పిలక సంగతి వేరు. పెద్ద చెట్టును నేలకు దగ్గరగా నరికితే, దాని వేళ్ళలో వున్న బలమంతా కొత్త చిగుళ్ళకు పోతుంది. మొదటి యేడే మనిషి యెత్తు దాటే పిలకలు వుంటాయి. విత్తనపు మొక్క జానెడు వుండగా పిలక అంత యెత్తు పోతే, యే శాఖవారైనా దేనిని నమ్ముకుంటారు? అందుకే మహారాష్ట్రలోనూ ఆంధ్రలోనూ పొడి టేకు అడవుల్లో చాలాకాలం కూపుల పద్ధతి నడిచింది. అడవిని ముక్కలుగా విభజించి, యేటా ఒక కూపు నరికి, విత్తనానికీ నీడకూ కొన్ని చెట్లు మాత్రం వదిలి, మిగిలినదానిని పిలకలకు అప్పగించడం. ముప్ఫయి నలభై యేళ్ళకు అదే కూపు మళ్ళీ వంతుకు వస్తుంది. పద్ధతిలో తప్పు లేదనే పెద్దమామ యిప్పటికీ అంటారు. మొద్దు నేలకు అంటినట్టు నరకాలి, నీరు నిలవకుండా వాలుగా చెక్కాలి, చలికాలంలోనే నరకాలి, వచ్చిన పిలకల్లో ఒకటో రెండో వుంచి తక్కినవి తీసేయాలి, మూడు నాలుగేళ్ళు పశువునూ నిప్పునూ రానీయకూడదు. వీటిలో మొదటిదానికి కాంట్రాక్టరు కూలీకి వంగడం యిష్టం వుండదు. చివరిదానికి ఒక గార్డుకు పది వూళ్ళ పశువులు.

అయితే పిలకకు ఒక గుట్టు వుంది. అది కొత్త చెట్టు కాదు, పాత చెట్టే. వేరు అదే, వయసు అదే. మొదటి విడత నరుకుడుకు బ్రహ్మాండంగా లేచిన మొద్దు, రెండో విడతకు తగ్గుతుంది, మూడో విడతకు మొద్దు పుచ్చిపోయి ఆ పుచ్చు పిలక మొదట్లోకి పాకుతుంది. కొన్ని మొద్దులు అసలే లేవవు. చచ్చిన మొద్దు స్థానంలో విత్తనపు మొక్క లేకపోతే అక్కడ ఖాళీ. ఆ ఖాళీలోకి పులికంప వస్తుంది. దూరం నుంచి చూస్తే అదీ పచ్చగానే వుంటుంది.

మా కిటికీ చట్రం కథ విని ఆయన ఆశ్చర్యపోలేదు. పిలక బాదును సన్నగా వుండగానే కొట్టి అమ్మితే చేవ యెక్కడి నుంచి వస్తుందన్నారు. తరువాత కొంచెం సేపు మాట్లాడకుండా నడిచి, ఒక వంకర టేకు దగ్గర ఆగారు. మొదలు లావుగానే వున్నది గాని, రెండు నిలువుల యెత్తులో మెలిక తిరిగి కొమ్మలు చిందరవందరగా వున్నాయి. "యీ చెట్టు నా కళ్ళముందు యిట్లనే వున్నది, నేను నౌకరీలో చేరినప్పటి నుంచి. ఏరి నరికే పని నడిచిన తావుల్లో సుత్తి ముద్ర నేను వేసేవాణ్ణి. ముప్ఫయి నాలుగేళ్ళలో నా సుత్తి పడ్డది అన్నీ చక్కటి చెట్ల మీదనే. వంకరదానికి సుత్తి యెవరు వేస్తరు, యెవరు కొంటరు? మంచివి డిపోకు పోయినయి, యివి విత్తనానికి మిగిలినయి" అన్నారు. మేము యేదో వోదార్పు మాట అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

యిది ఒక్క కిన్వట్ గార్డు సుత్తి చేసిన పని అనుకోనక్కరలేదు. మా మేనకోడలు వుద్యోగరీత్యా స్వీడన్ దేశపు వుత్తరాన వుంటున్నది. అక్కడ గంటలకొద్దీ రైల్లో పోయినా ఒకే యెత్తు, ఒకే వరుస స్ప్రూస్, పైన్ చెట్లేనని వ్రాస్తే, ఆ సంగతి కొంత చదివాము. పందొమ్మిదో శతాబ్దపు నడుమ ఆ ప్రాంతంలో రంపపు మిల్లులు లేచాయి. యింత లావుకు మించినవన్నీ నరికి, నదుల్లో తేల్చి పంపేవారు. సన్నవి, వంకరవి, నీడలో కుంగినవి వదిలేసేవారు. చలిదేశం కావడాన అక్కడ పైన్ చెట్టు కోతకు రావడానికి సుమారు నూరేళ్ళు పడుతుంది. యేభై యేళ్ళు యిలా ఏరి నరికాక మిగిలినది అడవిలాగే కనబడేది, కాని దానిలో పెరుగుదల లేదు, పిల్లచెట్లు లేవు. అక్కడి అటవీ వుద్యోగులు అటువంటి అడవికి పెట్టుకున్న పేరు "పచ్చని అబద్ధాలు". మేము ఆ మాట చెప్పగా పెద్దమామ మొదట గట్టిగా నవ్వారు. తరువాత నవ్వు ఆపి, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

స్వీడన్‌వారు 1903లోనే చట్టం చేశారు, అడవి నరికినవాడు మళ్ళీ చెట్లు లేచేటట్లు చూడాలని. చట్టం వచ్చినంత మాత్రాన చెట్లు లేవలేదు. 1950లో వారి ప్రభుత్వ అటవీశాఖ తిరగబడి, ఆ అబద్ధపు అడవులను మొదలంటా నరికి కొత్తగా నాటవలసిందేనని వుత్తరువు పంపింది. పక్కనున్న ఫిన్లాండులో అంతకు రెండేళ్ళు ముందే, 1948లో, పేరుపడ్డ అటవీ శాస్త్రజ్ఞులు ఏరి నరికే పద్ధతిని బహిరంగంగా ఖండించారు. అప్పటి నుంచి అరవై యేళ్ళు ఆ దేశంలో మొదలంటా నరకడం, నాటడమే రాజమార్గం. 2014లో చట్టం మార్చి, పద్ధతిగా ఏరి నరికి అడవిని యెప్పుడూ ఖాళీ చేయకుండా వుంచుకోదలచినవారికి మళ్ళీ దారి తెరిచారు. కలప మాత్రం వారికి కావలసినంత వచ్చింది, ఆ మాట వొప్పుకోవాలి. కాని వరుసల్లో నాటిన అడవిలో ముసలిచెట్టు లేదు, కూలి పుచ్చిన మొద్దు లేదు, వాటి మీద బతికే నాచు, పురుగు, పిట్ట తగ్గిపోయాయి. నిప్పును పూర్తిగా ఆర్పేయడం నేర్చాక, కాలిన నేల మీద మొలిచే అలవాటున్న చెట్లు వెనకబడి నీడకు వోర్చే స్ప్రూస్ ముందుకు వచ్చింది. లేతమొక్కలను మూజ్ అనే పెద్ద దుప్పి మేసేస్తుంది. మనకు మేకలు, వారికి దుప్పులు.

నిప్పు మాట వచ్చింది గనుక ఆ సంగతి కూడా చెప్పుకోవాలి, యెందుకంటే అది మనలను నేరుగా తగిలేది. నిప్పు టేకుకు పగదా, చుట్టమా అన్నది నూట ముప్ఫయి యేళ్ళ పాత తగాదా. బర్మాలో ఆంగ్లేయులు టేకు అడవులను నిప్పు నుంచి బహు శ్రద్ధగా కాపాడగా, వాన యెక్కువ కురిసే ఆ అడవుల్లో వెదురూ తీగా పెరిగిపోయి టేకు మొలకలే కరువయ్యాయి. కాపాడడమే యెక్కువైపోయిందని 1890ల్లో వారి వుద్యోగులే వ్రాసుకున్నారు. కిన్వట్ వంటి పొడి అడవి కథ వేరు. యిక్కడ నిప్పు యెప్పుడో ఒకసారి వస్తే టేకు తట్టుకుంటుంది. యేటా వస్తే మాత్రం వేరు బతికివున్నా మొక్క నేల మీదికి లేవలేదు. టేకు కంటె అల్పప్రాణులైన చెట్ల పసిమొక్కలయితే పూర్తిగా పోతాయి. పశువులు గరుకైన టేకు ఆకును ముట్టవు, మెత్తని తక్కినవాటిని మేస్తాయి. అందుచేత నిప్పు, మేత రెండూ కలిస్తే అడవిలో టేకు వంతు పెరిగినట్టు కనబడుతుంది, నిజానికి తక్కినవన్నీ తగ్గాయన్నమాట.

నిప్పు పెట్టేదెవరు? ఆకాశం నుంచి పడదు. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. బీడీ ఆకు కోసం తునికి పొదలను మాఘ ఫాల్గుణాల్లో నరికి, లేతాకు బాగా రావాలని కొందరు నిప్పు కూడా పెడతారు. కిన్వట్, ఆదిలాబాదు అడవుల తునికాకు మన నిజామాబాదు, కరీంనగరం ఆడపడుచుల వొళ్ళో బీడీలయి యెన్ని సంసారాలు నిలబెట్టిందో మన పాఠకులకు వేరే చెప్పాలా? ఆ కూలి మీద బడికి పోయి పైకి వచ్చినవారు మనలోనే వున్నారు. కాబట్టి నిప్పు పెట్టినవాణ్ణి తిట్టి వూరుకోవడం మావల్ల కాలేదు. నరకడం చాలు, నిప్పు వద్దు అని మన వ్యాపారులు గట్టిగా అంటే ఆకు ఏరేవారు వింటారని పెద్దమామ అభిప్రాయం. మాకు అంత నమ్మకం లేదు.

అడవిలో వున్నవారి పాత్ర గురించి కూడా ఆయనతో మాకు వాదం వచ్చింది. గార్డుగా ఆయన జీవితమంతా గోండు, కోలాం, ఆంధ్, లంబాడీ పల్లెల పశువులను వెనక్కు తోలడంలో గడిచింది. మేము జోడేఘాట్ సంగతి యెత్తాము. సంస్థానపు రోజుల్లో అడవి హద్దులు వేసి, గోండుల పోడు భూములను ఆ హద్దుల్లో కలిపి, వారిని లేవగొట్టిన ఫలితంగానే 1940లో కుమురం భీము తిరగబడి ప్రాణమిచ్చాడు. ఆ తరువాతనే నిజాము ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ పండితుణ్ణి పిలిపించి గోండుల స్థితి విచారించమన్నది. పోడు కొట్టి రెండు మూడేళ్ళు పండించి వదిలేసిన నేలలో, వెలుతురూ మెత్తని మట్టీ దొరికి, టేకు విత్తనం బాగా లేస్తుందని చాలా చోట్ల చూసినదే. బర్మాలో 1856లో బ్రాండిస్ దొర కరెన్ జాతివారి చేత కొండవరితో పాటు టేకు నాటించిన పద్ధతి ఆ యెరుక నుంచి పుట్టిందే. యిది చెబితే పెద్దమామ, "వదిలేసిన నేల అంటున్నవు బిడ్డా, వదిలేయడానికి యిప్పుడు వేరే నేల యేది?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. 2006 చట్టం వచ్చాక సాగుహక్కు పత్రాలు పొందినవారి చేలు అడవి నడుమనే వున్నాయి. ఆ చేల గట్ల మీద లేచే టేకు మొక్కను దున్నేయకుండా వుంచుకోవడానికి రైతుకు యేమి లాభం చూపిస్తామన్నదే అసలు ప్రశ్న అని మాకు తోస్తుంది.

నాటడం లేదా అని అడగవచ్చు. నాటడం యీ దేశానికి కొత్త కాదు. కేరళలో నీలంబూరు దగ్గర కానోలీ దొర హయాంలో, చాతు మేనోన్ అనే మనదేశపు వుద్యోగి చేతి మీదుగా 1840ల్లో నాటిన టేకుతోటలో కొంత భాగం నేటికీ నిలిచివున్నది. ఒక్క యేడు నారు పీకి, వేరు జానెడు, పై కాండం రెండు వేళ్ళు వుంచి కోసి, గునపంతో వేసిన బొక్కలో తొలకరికి దిగేస్తే చాలు, టేకు లేస్తుంది. యింత సులువైనది కావడమే ఒక చిక్కు కూడా అయింది. మహారాష్ట్రలో 1974లో అటవీ అభివృద్ధి సంస్థ యేర్పడి, కలిసిమెలిసి పెరిగిన అడవులను చాలా చోట్ల నరికి టేకు వరుసలు వేయించింది. 1976లో జాతీయ వ్యవసాయ కమిషను సిఫారసు కూడా ఆ దారినే వున్నది. 1988 నాటి జాతీయ అటవీ విధానం ఆ వూపును తగ్గించి, కలప రాబడి కంటె అడవి నిలవడమే ముందన్నది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, ఆమోదం పొందిన ప్రణాళిక లేనిదే యే అడవిలోనూ నరుకుడు సాగరాదన్నది. ఆ సంవత్సరమే పెద్దమామ విరమించారు. "సుత్తి అప్పగించి వచ్చిన, వెనకనే కోర్టు వచ్చింది" అంటారు.

నాటితే తేలికగా లేచేవాటినే నాటుతాము. మొండికేసేదానిని యెవరు పట్టించుకుంటారు? మన బొమ్మల కొలువుల్లో నిర్మల్ బొమ్మ లేని యిల్లు అరుదు. ఆ బొమ్మలు చెక్కేది పొనికి కర్రతో. పువ్వులాగా తేలికగా వుండి, వులికి వెన్నలాగా లొంగుతుంది. ఆ చెట్టు యీ అడవులదే. దాని గింజ పెంకు గట్టిది, మొలక బహు తక్కువ. నకాశీ పనివారు దశాబ్దాలుగా నరుక్కుంటూ పోగా, దగ్గరి గుట్టల్లో కరువై కర్ర కోసం దూరం పోవలసి వస్తున్నది. అటవీశాఖవారు నారు పెంచి నాటించే ప్రయత్నాలు చేశారు గాని, నాటిన పొనికి వులికి రావడానికి ఏళ్ళు పడుతుంది, బొమ్మ రేపు దసరాకే కావాలి.

మధ్యాహ్నం దాటాక పెద్దమామ పిల్లలకు ఒక పని పెట్టారు. మేము అరటిపళ్ళు కట్టి తెచ్చిన తాడు విప్పించి, వాలులో ఒక చోట నాలుగు వైపులా పది పది అడుగులు కొలిచి హద్దు వేయించారు. దానిలో మోకాలి కిందున్న చెట్టు మొక్కలన్నీ లెక్కబెట్టమన్నారు. టేకు అవునో కాదో తెలియకపోతే లేతాకు నలిపి చూడమన్నారు. టేకు అయితే చెయ్యి యెర్రబడుతుంది. కాసేపటికి పిల్లలందరి చేతులూ గోరింటాకు పెట్టుకున్నట్టు అయ్యాయి. ఆడపిల్లలు ఆ చేతులు మొహాలకు పూసుకొని ఒకరినొకరు వెక్కిరించుకున్నారు.

లెక్క పదకొండు వచ్చింది. ప్రతిదాని మొదట్లో మట్టి తొలగించి చూస్తూ పోయాము. తొమ్మిది పిలకలు. ఒకటి తునికి. మిగిలిన ఒక్కటి విత్తనపు టేకు, రెండు జతల ఆకులతో, నా చూపుడువేలి కంటె కొంచెం పొడుగు. దాని మొదట్లో నల్లగా మాడిన చిన్న ముక్కలు రెండు వున్నాయి, అంటే రెండు వేసవులు కాలి లేచింది. పెద్దమామ దాని పక్కన కూర్చుని, చూపు ఆనక, చేత్తో తడిమి ఆ రెండు మాడుముక్కలనూ లెక్కపెట్టుకున్నారు. హద్దుకు వేసిన తాడు విప్పించారు గాని, నాలుగు మూలలా పెట్టిన రాళ్ళను అలాగే వుంచమన్నారు. పులికంప ఒకటి ఆ మొక్క వైపు వాలుతుంటే మా పెద్దబ్బాయి చేత వేళ్ళతో సహా పెరికించారు. అది అరగంట పని అయింది, వాడి చేతులు గీసుకుపోయాయి.

సహస్రకుండంలో మర్నాడు భోజనాలు బాగా జరిగాయి. రాతి మీదుగా పెన్‌గంగ దూకుతుంటే చూస్తూ పులిహోర తిన్నాము. పొయ్యి ఆర్పే పని మాత్రం పెద్దమామ యెవరికీ వదలలేదు, నాలుగు బిందెలు నీళ్ళు పోయించి, బూడిదలో చెయ్యి పెట్టి చూసుకున్నారు. తిరుగు రైల్లో ఆయన తువ్వాలు కొంగున కట్టుకున్న మూట విప్పితే టేకు కాయలు, కొంచెం పొనికి గింజలు వున్నాయి. వాటిని మా మేడ మీద, చెదపట్టిన ఆ కిటికీ కింద, రాత్రి నానబెట్టి పగలు యెండబోశాము. పొనికి యింతవరకు ఒక్కటీ మొలవలేదు. టేకు యేడు మొలిచాయి.

కిటికీకి యీసారి వేపచెక్క వేయించాము. వచ్చే కార్తీకానికి ఆ నాలుగు రాళ్ళ నడుమ యేమున్నదో చూసి రావాలని పెద్దమామ యిప్పటినుంచే పోరుతున్నారు. నడుమ ఒక వేసవి వున్నది.